హీరోకి డూపు సరే... వాల్వుకి?

గుర్రం మీంచి లోయలోకి దూకింది హీరోగారు కాదని మీకు తెలుసు. నాకూ తెలుసు. అయినా హాల్లో ఈల పడుతుంది, కాయితం ముక్కలు ఎగురుతాయి. ఎందుకంటారు? డూపుని ఏరిన ఫైట్ మాస్టరు అంత జాగ్రత్తగా ఏరాడన్నమాట. ఎత్తూ, ఒళ్ళూ, భుజాలూ, ఆఖరికి పరిగెత్తే తీరు కూడా కలిసేట్టు చూసుకున్నాడు. డ్రెస్సు సరిపోయింది కదా అని దారిన పోయేవాణ్ణి గుర్రం ఎక్కిస్తే? షాటూ పోతుంది, మనిషీ పోతాడు!

తెర మీది డూపుల గురించి మీరు చాలా చదివే ఉంటారు. హాలు వెనకాల ఆపరేటరు కేబిన్లో ఇంకో రకం డూపులుండేవి. వాటి గురించి రాసినవాళ్ళు తక్కువ. ముట్టుకుంటే చెయ్యి కాలేటంత వేడిగా, లోపల నారింజ రంగు దీపం పెట్టుకుని, హీరో గొంతుని నేల క్లాసు దాకా మోసుకొచ్చిన గాజు బుడ్లు... వాల్వులు! అందులోనూ ఆంప్లిఫయర్ చివర కూర్చుని స్పీకర్లని మోగించే అవుట్‌పుట్ వాల్వులు. వాటికి డూపు పెట్టబోయి నేను చేసిన నిర్వాకమూ, దానివల్ల నేర్చుకున్న నాలుగు ముక్కలూ మీతో చెప్పుకోవాలని ఉంది.

సాకెట్లో పడుతుంది కదా!

విజయవాడలో నాకో చిన్న రిపేరు కొట్టుంది. పోయిన నెల ఓ కుర్రాడు ఆటోలో ఓ ఇనప పెట్టె వేసుకొచ్చాడు. ఇంజనీరింగు చదువుతున్నాడట. వాళ్ళ తాతగారు పెళ్ళిళ్ళకీ, తిరనాళ్ళకీ మైకు సెట్టు అద్దెకిచ్చేవారట. ఆయన పోయాక అటక మీద ఈ ఆంప్లిఫయరు దొరికింది. పాత గ్రామఫోను రికార్డులు దీంట్లో వినాలని అబ్బాయి సరదా.

"అంకుల్, రెండు పెద్ద వాల్వుల్లో ఒకటి పోయింది. 6ఎల్6జి అని రాసుంది. అది నాకు దొరకలేదు. అందుకని ఈఎల్34 జత ఆన్‌లైన్లో తెప్పించాను. ఎనిమిది పిన్నులూ సరిపోయాయి. సాకెట్లో పడుతుంది కదా! పెట్టి స్విచ్చి వేసేద్దామనుకుని, ఎందుకైనా మంచిదని మీ దగ్గరికి తెచ్చాను" అన్నాడు.

"స్విచ్చి వేశావా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఇంకా లేదంకుల్."

అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను. కుర్రాడు బిక్కమొహం వేశాడు. కొట్లో గోడ అల్మరాలో పైవరసలో నలభై ఏళ్ళ పైబడి నేను దాచుకున్న ఓ కాలిపోయిన వాల్వుంది. అది తీసి అతని చేతిలో పెట్టాను. "దీని కథ విను. తరవాత నీ ఇష్టం" అన్నాను.

ఎనిమిది వాట్లకి ఎంత హాలు?

కథలోకి వెళ్ళేముందు ఓ చిన్న ఫ్లాష్‌బ్యాకు. రీలు అంచున సన్నటి చార ఒకటుంటుంది. అదే సౌండ్ ట్రాక్. ఓ చిన్న దీపం వెలుతురు దాని గుండా పోయి ఫోటో సెల్ మీద పడుతుంది. చార మారిన కొద్దీ వెలుతురు మారుతుంది, వెలుతురు మారిన కొద్దీ కరెంటు మారుతుంది. హీరోగారి డైలాగు ఆ సమయానికి ఎంత చిన్నదంటే, చీమ నడిచినట్టు! చిన్న వాల్వులు దాన్ని మెట్టు మెట్టుగా పెంచుతాయి. ఆఖరి మెట్టు మీద అవుట్‌పుట్ వాల్వులుంటాయి. స్పీకరు కోనుని ముందుకీ వెనక్కీ తొయ్యడానికి కావలసిన బలం ఇచ్చేవి అవే.

బలమంటే ఎంత? వింటే నవ్వుతారు. అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ 1933లో 300ఎ అనే వాల్వుని సినిమా హాళ్ళ ఆంప్లిఫయర్ల కోసం తెచ్చింది. ఆ వాల్వు ఒక్కటే ఉన్న వాళ్ళ 91ఎ ఆంప్లిఫయరు ఇచ్చేది సుమారు ఎనిమిది వాట్లు. ఇవాళ మీ గదిలో బల్ల మీది స్పీకరు డబ్బా మీద అంతకంటే పెద్ద అంకె రాసుంటుంది! మరి ఆ ఎనిమిది వాట్లతో హాలెలా నిండింది? తెర వెనక నిలబెట్టిన పెద్ద పెద్ద హారన్ స్పీకర్ల మహిమ అది. ఇచ్చిన ప్రతి చుక్కనీ వృథా చెయ్యకుండా జనం మీదికి విసిరేవి. 1938లో వచ్చిన దాని తమ్ముడు 300బి కోసం ఇప్పటికీ లక్షలు పోసే సంగీత పిచ్చివాళ్ళున్నారు.

తరవాత వరసగా కొత్త హీరోలొచ్చారు. 1936లో అమెరికా ఆర్.సి.ఏ. వారి 6ఎల్6. మరుసటేడు ఇంగ్లండు నుంచి కేటీ66. ఆ తరవాత ఫిలిప్స్ వారి ఈఎల్34. 1956లో కేటీ88. వీటన్నిటికీ కింద కాళ్ళు ఒకే తీరు. మధ్యలో ప్లాస్టిక్ గుంజ, చుట్టూ ఎనిమిది పిన్నులుండే ఆక్టల్ బేసు. ఏది దేని సాకెట్లోనైనా చక్కగా దిగిపోతుంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

1978 వేసవి... సెకండ్ షో

నాకప్పుడు 19 ఏళ్ళు. తెనాలి దగ్గర మా ఊళ్ళో ఓ టూరింగ్ టాకీసుండేది. ఒకటే ప్రొజెక్టరు. రీలు అయిపోగానే లైట్లు వెలిగేవి. బీడీలు, సోడాలు, వేరుశనక్కాయలు, మళ్ళీ చీకటి. దాని ఆపరేటరు మా నాన్నకి వరసకి తమ్ముడు. నేను బాబాయ్ అనేవాణ్ణి. పగలు రేడియో షాపులో పని నేర్చుకుంటూ, రాత్రిళ్ళు ఆయన కేబిన్లో రీళ్ళు తిప్పి పెట్టేవాణ్ణి. జీతం లేదు. రోజూ సినిమా!

1977 ఏప్రిల్లో విడుదలైన 'అడవి రాముడు' మా డేరాలోకి వచ్చేసరికి ఏడాది దాటింది. అయితేనేం, మొదటి రోజు సెకండ్ షోకి ఇసక వేస్తే రాలని జనం. ముందు వరసలవాళ్ళు ఇసకనే గుట్టలు చేసుకుని దాని మీద కూర్చున్నారు.

రెండో రీలు మధ్యలో సౌండు బొంగురుపోయింది. గుర్రు గుర్రుమని మోత. ఆంప్లిఫయర్లో ఈఎల్34లు రెండుండేవి. అవి రెండెద్దుల కాడిలాగా ఒకటి తోస్తుంటే ఒకటి లాగుతుంటుంది. అందులో ఒకటి చల్లారిపోయింది. జనం అరుపులు మొదలు. "సౌండూ... సౌండూ!"

బాబాయ్ ఆర్క్ లాంపు దగ్గర కార్బన్లు సర్దుతున్నాడు. అక్కణ్ణించి కదిలితే తెర చీకటైపోతుంది. తల తిప్పకుండానే అన్నాడు: "స్పేరు లేదురా. రేపు బెజవాడ పోయి తేవాలి. వాల్యూమ్ తగ్గించు. ఈ పూటకి ఒంటెద్దుతో లాగుదాం."

"బాబాయ్, మా షాపులో మైకు సెట్టుది 6ఎల్6 జత ఉంది. సైకిలు మీద అయిదు నిమిషాల్లో..."

"వద్దు. దానికీ దీనికీ పడదు. ముట్టుకోకు."

నేను విన్నానా? 19 ఏళ్ళు కదండీ! సోల్డరింగు పట్టుకున్న ఆరు నెలలకే రేడియో కనిపెట్టింది నేనే అన్నంత ధీమా. రెండు పెట్టెలనీ పక్కపక్కన చూశాను. అవే ఎనిమిది పిన్నులు. అదే సాకెట్టు. "పడదు" అంటాడేంటి? రీలు అయిపోయి లైట్లు వెలిగిన సందడిలో ఆయన ఫిల్ము అతికించుకుంటుంటే, పవరు కట్టేసి, ఈఎల్34లు పీకి 6ఎల్6లు గుచ్చాను.

మూడో రీలు మొదలైంది. అబ్బో! సౌండు గంటలా పలికింది. డేరా గుడ్డ ఎగిరిపోయేట్టు ఈలలు. బాబాయ్ నా వంక ఓ చూపు చూశాడు. నేను కాలరెగరేశాను. నా జీవితంలో హిట్టయిన పది నిమిషాలవి.

ముందు వాసనొచ్చింది. ఎండలో కాగిన తారు వాసన. తిరిగి చూస్తే వాల్వుల లోపల ప్లేట్లు ఎర్రబడి ఉన్నాయి. ఫిలమెంటు వెలగాల్సిందే, అది దాని ధర్మం. కానీ చుట్టూ ఉండే బూడిద రంగు రేకు వెలగకూడదు. అది కొలిమిలో కడ్డీలా, దానిమ్మ గింజలా మండుతోంది. నేను స్విచ్చి దగ్గరికి వెళ్ళేలోగానే నీలంగా ఓ మెరుపు, టప్ మని శబ్దం. ఫ్యూజు ఎగరాలి కదా అంటారా? ఎగరలేదు. మాటిమాటికీ పోతోందని ఎప్పుడో ఎవరో ఫ్యూజు బదులు లావుపాటి రాగి తీగ చుట్టి పెట్టారు. అదీ ఓ డూపే! అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు లోంచి నల్లటి పొగ లేచింది.

తెర మీద హీరోగారి పెదాలు కదులుతున్నాయి. మాట లేదు.

ఆ రాత్రి జనాన్ని శాంతింపజెయ్యడం, టిక్కెట్ల డబ్బులు తిరిగివ్వడం, ఓ బెంచీ విరగడం... అవన్నీ చెప్పను. తెల్లారి ఓనరుగారు వచ్చి, "ఈ వాల్వులు పెట్టిందెవడు?" అన్నారు. నా నాలుక అంగిట్లో అతుక్కుపోయింది.

"నేనేనండీ" అన్నాడు బాబాయ్.

ట్రాన్స్‌ఫార్మరు బెజవాడలో తిరిగి చుట్టించడానికి మూడు రోజులు పట్టింది. మూడు రోజులు ఆట లేదు. ఆ ఖర్చు నాలుగు నెలలపాటు ఆయన జీతంలో కోసుకున్నారు. పిన్నిగారు ఆ నాలుగు నెలలూ పాలవాడికి అప్పు పెట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆయనా అనలేదు. అదే నన్ను కాల్చింది.

నాలుగు ప్రశ్నలు

ట్రాన్స్‌ఫార్మరు తిరిగొచ్చిన రోజు బాబాయ్ నన్ను కూచోబెట్టి, "ఒరేయ్, ఏ వాల్వునైనా ఇంకోదాని బదులు పెట్టేముందు నాలుగు ప్రశ్నలడుగు. నాలుగింటికీ జవాబొస్తేనే చెయ్యి పెట్టు" అన్నాడు. అవే మీకూ చెబుతాను.

ఒకటి: ఎంత తింటుంది? ఫిలమెంటు వెలగడానికి అన్నిటికీ 6.3 వోల్టులే. కానీ తాగే కరెంటు వేరు. 6వి6కి 0.45 ఆంపియర్లు, 6ఎల్6కి 0.9, కేటీ66కి దాదాపు 1.3, ఈఎల్34కి 1.5, కేటీ88కి 1.6. నలుగురికి వండిన అన్నం ఏడుగురికి వడ్డిస్తే ఏమవుతుంది? మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరు వేడెక్కి వేడెక్కి ఓ రోజు ప్రాణం వదులుతుంది.

రెండు: ఎంత వేడి ఓర్చుకుంటుంది? ప్లేటు భరించే వేడిని వాట్లలో చెబుతారు. పాత 6ఎల్6జికి 19. 5881కి 23. కేటీ66కీ, ఈఎల్34కీ 25. తరవాత వచ్చిన 6ఎల్6జిసికి 30. 6వి6కి 12, మహా అయితే 14. ఇక్కడ పేరు చివరి అక్షరాలు చూడండి! 6ఎల్6జి, 6ఎల్6జిసి అన్నదమ్ములే. కానీ తమ్ముడు పహిల్వాను. అన్న చోట తమ్ముణ్ణి పెట్టొచ్చు. తమ్ముడి చోట అన్నని పెడితే చస్తాడు. రష్యా వారి 6పి3ఎస్ కూడా 6ఎల్6 అనే పేరుతో అమ్ముడవుతుంటుంది. దాని ఓపిక 20 వాట్ల చిల్లరే. కాబట్టి దాన్ని అన్నగారి వరసలోనే లెక్కెయ్యాలి.

మూడు: కళ్ళెం ఎంత బిగించాలి? ఇదే అసలు ప్రశ్న. వాల్వులో కాథోడు నుంచి ప్లేటుకి ఎలక్ట్రాన్లు గుర్రాల్లా పరిగెడతాయి. మధ్యలో గ్రిడ్డు అనే తీగల వల ఉంటుంది. దానికి మైనస్ వోల్టేజి ఇచ్చి ఆ పరుగుని పట్టుకుంటాం. దాన్నే బయాసు అంటారు. ప్లేటుకీ, స్క్రీనుకీ 430 వోల్టులున్న ఆంప్లిఫయర్లో ఈఎల్34కి మైనస్ 36 ప్రాంతంలో కళ్ళెం చాలు. అదే చోట 6ఎల్6జిసి అయితే మైనస్ 45, 50 దాకా బిగించాలి. నేనేం చేశాను? ఈఎల్34కి కట్టిన వదులు కళ్ళెం 6ఎల్6కి తగిలించాను. పైగా అది 19 వాట్ల పాత రకం. 430 వోల్టుల దగ్గర ఒక్కోటి 90 మిల్లీ ఆంపియర్లు లాగినా దాదాపు 39 వాట్లు! ఎర్రబడక ఏమవుతుంది?

మన బాలుగారు అల్లు రామలింగయ్యగారికి పాడితే అల్లువారే పాడినట్టుండేది గుర్తుందా? మైకు అదే, మనిషి అదే. నటుణ్ణి బట్టి గొంతు సవరించుకునేవారు. బయాసు సవరించడమంటే అంతే. సవరించకుండా ఒకరి గొంతు ఇంకొకరికి అతికిస్తే హాల్లో నవ్వులపాలవుతాం. ఇక్కడ నవ్వులు కాదు, నిప్పులు!

నాలుగు: మోసే బరువు సరిపోతుందా? వాల్వుకీ స్పీకరుకీ మధ్యవర్తి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు. సైకిలుకి పళ్ళచక్రం లాంటిది. 6వి6 జతకి 8 వేల ఓములు చూపించే ట్రాన్స్‌ఫార్మరు కడితే, 6ఎల్6, ఈఎల్34 జతలకి మూడున్నర వేల నుంచి ఆరున్నర వేల దాకా వాడే డిజైనుని బట్టి కడతారు. బరువు తేడా వస్తే పవరు తగ్గుతుంది, గొంతు గీరుతుంది, వాల్వు ఆయుస్సు తరుగుతుంది.

ఈ నాలుగింటికి తోకలా ఇంకో చిన్న సంగతుంది, ఒకటో నంబరు పిన్ను. ఈఎల్34లో దానికి సప్రెసర్ గ్రిడ్డు కలిపి ఉంటుంది. దాన్ని ఎనిమిదో పిన్నైన కాథోడుకి బయట వైరుతో కలపాలి. 6ఎల్6కి ఆ పని లేదు. అందుకని 6ఎల్6 కోసం కట్టిన సాకెట్టులో ఒకటో పిన్ను ఖాళీగా ఉండొచ్చు. కొందరు మేస్త్రీలు ఖాళీయే కదా అని దానికి వేరే వైర్లు కూడా సోల్డరు చేసి ఉంచుతారు. చూసుకోకుండా ఈఎల్34 గుచ్చారో, కథ కంచికి!

ఎవరికి ఎవరు డూపు?

ఇంతకీ డూపులే వద్దా? వద్దని ఎవరన్నారు! సరైన డూపులున్నాయి. 6ఎల్6జి బదులు 6ఎల్6జిసి లేదా 5881 పెట్టొచ్చు, బయాసు కొలిచి చూసుకుంటే. కేటీ66 చోట 6ఎల్6జిసి బాగానే నటిస్తుంది. కేటీ88, 6550 ఒకరి పాత్ర ఒకరు వెయ్యగలరు. ఈఎల్34కి అమెరికాలో 6సిఏ7 అని పేరు. కొందరి 6సిఏ7 లోపలి నిర్మాణం వేరుగా ఉన్నా పని అదే.

పాత మైకు సెట్లలో నెత్తి మీద టోపీ ఉండే 807 చూశారా? దాని లోపలి మనిషి దాదాపు 6ఎల్6యే. కానీ కాళ్ళు అయిదు, ప్లేటు వైరు నెత్తి మీద. సాకెట్టు మార్చాల్సిందే. ఇది మంచిదే సుమా! సరిపోనివాడు లోపలికే రాలేడు.

కాథోడు దగ్గర రెసిస్టరు పెట్టి బయాసు పుట్టించే ఆంప్లిఫయర్లు కొంచెం ఓపికమంతులు. వాల్వు ఎక్కువ కరెంటు లాగితే కళ్ళెం దానంతటదే బిగుస్తుంది. 1953 నాటి ఇంగ్లండు వారి క్వాడ్ టూ అలాంటిదే. కేటీ66 జత, పదిహేను వాట్లు. విడిగా మైనస్ వోల్టేజి ఇచ్చే రకం ఆంప్లిఫయర్లకి దయ ఉండదు. మా డేరాలోది అదే.

గిటారు కుర్రాళ్ళ గొడవ

ఈ డూపుల వల్లే ప్రపంచంలో ఓ కొత్త గొంతు పుట్టిందంటే నమ్ముతారా? లండన్లో జిమ్ మార్షల్ అనే డ్రమ్సు కొట్టే ఆయన 1962లో తన కొట్లో గిటారు ఆంప్లిఫయరు తయారు చేయించాడు. మోడలు అమెరికా వారి ఫెండర్ బాస్‌మాన్. ముందు 5881లు పెట్టారు. తరవాత ఇంగ్లండులో తేలిగ్గా దొరికే కేటీ66లకి మారారు. 1966లో ఎరిక్ క్లాప్టన్ జాన్ మేయాల్ బృందంతో చేసిన రికార్డులో ఆ గొంతు విని కుర్రకారు వెర్రెత్తిపోయింది. ఆ వెంటనే ఈఎల్34ల వంతు. రాక్ సంగీతంలో మార్షల్ గొంతు అంటే ఇవాళ జనం అనుకునేది ఆ ఈఎల్34 గొంతునే. 1970లలో అమెరికాకి వెళ్ళిన మార్షల్ ఆంప్లిఫయర్లలో చాలావాటికి 6550లు పెట్టారు. ఊరికే గుచ్చలేదు సుమండీ! బయాసు రెసిస్టర్లు మార్చి మరీ పెట్టారు. డూపుని పెట్టినా కొలతలు తీసుకునే పెట్టారు.

ఎలక్ట్రానిక్సు చదివినవాళ్ళకి ఓ లెక్క. గ్రిడ్డు దగ్గర ఒక్క వోల్టు కదిలిస్తే ఈఎల్34 ప్లేటు కరెంటు 11 మిల్లీ ఆంపియర్లు కదులుతుంది. 6ఎల్6 ఆరు లోపే. ఈఎల్34ది పాము చెవి. ఇంత గుసగుసకే బుస్సుమంటుంది. 6ఎల్6ది ఏనుగు నడక. నిదానం, నిండుదనం. ఏది గొప్ప అంటే నేను చెప్పను. ఎన్టీఆర్ గొప్పా, ఏఎన్నార్ గొప్పా అని అడిగి తన్నులు తిన్నవాళ్ళని చూశాను!

బజారులో జాగ్రత్త

మన దేశంలో బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారు కూడా ఒకప్పుడు వాల్వులు చేసేవారు. పాత రేడియోల్లో వారి ఈఎల్84, ఈసీసీ83లు ఇప్పటికీ కనిపిస్తాయి. ఇంగ్లండు, అమెరికాల్లో పెద్ద పెద్ద వాల్వు ఫ్యాక్టరీలు 1980లలో వరసగా మూతబడ్డాయి. తరవాత రష్యా, స్లొవేకియా, చైనాలే దిక్కయ్యాయి. 2022 మార్చిలో యుద్ధం మూలంగా రష్యా ఎగుమతులు ఆగేసరికి ప్రపంచమంతా వాల్వుల కోసం ఎగబడింది, ధరలు కొండెక్కాయి. అలాంటప్పుడే డూపు ఆలోచన వస్తుంది. అలాంటప్పుడే మోసగాళ్ళూ వస్తారు. గాజు మీద పాత పేరు తుడిచి ఖరీదైన పేరు ముద్ర కొట్టడం ఎంతసేపు? లేబులు కాదు, లోపలి ప్లేటు ఆకారం చూడ్డం నేర్చుకోండి. జత కొనేటప్పుడు ఒకే కరెంటు లాగేవి ఏరి ఇచ్చిన జత అడగండి. ఒక ఎద్దు ముసలీ ఒకటి కోడె అయితే కాడి వంకరే.

ఇంకో మాట. కొత్త వాల్వు పెట్టేముందు పాత కప్లింగ్ కండెన్సర్లు చూపించుకోండి. అవి లీకైతే ముందు మెట్టు నుంచి ప్లస్ వోల్టేజి కారి గ్రిడ్డు మీద పడుతుంది. మీరెంత మంచి వాల్వు పెట్టినా కళ్ళెం తెగినట్టే. చాలామంది వాల్వులు పోయాయనుకుని జతల మీద జతలు కొంటారు. దొంగ మాత్రం పది రూపాయల కండెన్సరు!

ఇది చదివి, మూత తెరిచి స్క్రూడ్రైవరు పెట్టేవాళ్ళకి దణ్ణం పెట్టి చెబుతున్నాను. లోపల నాలుగైదు వందల వోల్టులుంటాయి. ప్లగ్గు పీకినా పెద్ద కండెన్సర్లలో దాగి ఉంటాయి. ప్రాణం తీస్తాయి. వాటిని రెసిస్టరు ద్వారా ఖాళీ చేసి, మీటరుతో కొలిచి, సున్నా చూశాకే వేలు పెట్టాలి. తెలిసినవాళ్ళు పక్కన లేకుండా ముట్టుకోవద్దు. స్పీకరు తగిలించకుండా వాల్వు ఆంప్లిఫయరుని ఎప్పుడూ పాడించకూడదు. ట్రాన్స్‌ఫార్మరుకి అది ఉరితాడు.

లైటు ఆర్పి చూడు

కుర్రాడు అన్నీ విన్నాడు. చేతిలో ఉన్న కాలిన వాల్వుని అటూ ఇటూ తిప్పి చూశాడు. లోపలి రేకు ఓ పక్క కరిగి వంగిపోయి ఉంటుంది. "ఇదేనా అంకుల్?" అన్నాడు. ఔనన్నాను.

అతని పెట్టె తిరగేశాం. ఒకటో పిన్ను ఖాళీ. ఈఎల్34లు పెడితే సప్రెసరు గాల్లో వేలాడేది. ఫిలమెంట్లకి రెండింటికీ కలిపి 1.8 ఆంపియర్లిచ్చే చోట 3 ఆంపియర్లు అడిగేవి. తాతగారి ట్రాన్స్‌ఫార్మరు ఏ రాత్రో పొగైపోయేది. కప్లింగ్ కండెన్సర్లు రెండూ లీకే. మార్చాను. ఈఎల్34లు వెనక్కి పంపించి, ఇప్పుడు తయారవుతున్న 6ఎల్6జిసి జత తెప్పించాం. ఇది కాథోడు రెసిస్టరు రకం. ప్లేటు దగ్గర 360 వోల్టులు, రెండు వాల్వులకీ కలిపి 250 ఓముల రెసిస్టరు. దాని మీద 22 వోల్టులొచ్చాయి. అంటే 88 మిల్లీ ఆంపియర్లు, ఒక్కోదానికి 44. లెక్క వాడి చేతే కట్టించాను. వాల్వుకి 15 వాట్ల ప్రాంతం వచ్చింది. పాత 6ఎల్6జి హద్దే 19, కొత్తదానికి 30. నాలుగు ప్రశ్నలకీ జవాబు దొరికింది. ఫ్యూజు కూడా సరైనదే వేశాం!

తాతగారి రికార్డొకటి పెట్టాడు. ఘంటసాలవారి గొంతు కొట్టంతా నిండింది. కుర్రాడి కళ్ళు చెమర్చాయి. చూడనట్టు ఊరుకున్నాను.

"ఇప్పుడు లైటార్పు" అన్నాను.

ట్రాన్స్‌ఫార్మరు కాలిన తరవాత బాబాయ్ బతికున్నన్నాళ్ళూ ప్రతి ఆటకీ ముందు ఆ పని చేసేవాడు. కేబిన్లో దీపం ఆర్పి, వాల్వుల ముందు వంగి, ఓ నిమిషం చూసేవాడు. నేను ఎందుకని అడగలేదు, ఆయన చెప్పలేదు. ఓనరుగారితో నిజం చెప్పాలని ఆ నాలుగు నెలల్లో చాలాసార్లు బయల్దేరాను. ప్రతిసారీ సగం దారిలో వెనక్కొచ్చాను. ఇద్దరూ ఇప్పుడు లేరు. ఇన్నాళ్ళకి ఇక్కడ చెబుతున్నాను. ఆ 6ఎల్6లు పెట్టింది నేను.

చీకట్లో నేనూ కుర్రాడూ వంగి చూశాం. మధ్యలో చిన్న నారింజ దీపాలు. చుట్టూ ప్లేట్లు నల్లగా, చల్లగా, నిమ్మళంగా ఉన్నాయి.

"ఎర్రబడలేదంకుల్" అన్నాడు వాడు.

"ఇంకో అయిదు నిమిషాలు చూద్దాం" అన్నాను.